ఆనిమోనుకు వలసిన వెలుతురు

మా పాఠశాల ప్రకృతిశాస్త్రపు గదిలో, కిటికీలకు దూరముగా, లోపలి గోడ ప్రక్కను మూడడుగుల పొడవుగల యొక గాజుతొట్టి యున్నది. అందు ఉప్పునీరును, కొన్ని రాళ్లును, రెండు క్లౌన్ చేపలును, ఒక ఆనిమోనును గలవు. వార్షికోత్సవమునాడు తల్లిదండ్రులు ఆ గదిలోనికి వచ్చినప్పుడు మొదట చేపలను జూచి సంతోషింతురు, పిమ్మట తొట్టిమీది నీలపు దీపమును జూచి, "ఇది అలంకారమునకా?" అని యడుగుదురు. నిలుచున్నచోటనే రెండు మాటలలో దానికి బదులు చెప్పుట మాకెన్నడును సాధ్యము కాలేదు. ఆ దీపము విషయమున మేము రెండు తప్పులు చేసితిమి. రెండవది మొదటిదానికంటె పెద్దది. తొమ్మిదవ తరగతి పిల్లలు తమ చిల్లర డబ్బులు కూడబెట్టి కొనిన జంతువు మా చేతులలో చావునకు సమీపించెను. ఇండ్లలో నిట్టి తొట్టులు పెట్టవలెనని తలచు కుటుంబములు మా విద్యార్థులలో నిప్పుడు కొన్ని గలవు గనుక, జరిగినది జరిగినట్లు ఇచ్చట వ్రాయుచున్నాము.

ఆనిమోను పువ్వువలె గనబడును గాని పువ్వు కాదు; జంతువు. పగడములకును జెల్లీచేపలకును దగ్గరి చుట్టము. విశాఖపట్టణపు తీరమున సముద్రము వెనుకకు తీసినప్పుడు రాళ్ల సందులలో ఇట్టివానిని మా విద్యార్థులు విహారయాత్రలో చూచియే యున్నారు. వ్రేలు తగిలినంతనే ముడుచుకొని జిగురుముద్ద వలె నగును. క్రింద రాతిని పట్టుకొను పాదము, దానిపై గొట్టమువంటి దేహము, మీద నోరు, నోటిచుట్టును స్పర్శకములు: ఇంతియే దాని నిర్మాణము. స్పర్శకములనిండ దంశకణములుండును. చిన్న రొయ్యయో చేపపిల్లయో తగిలినయెడల నవి దానిని పొడిచి చచ్చుబడజేయును. క్లౌన్ చేప మాత్రము ఆ ముండ్ల నడుమనే నిర్భయముగా నివసించును. ఈ స్నేహమును 1868లో కాలింగ్‌వుడ్ అను నాంగ్లేయ ప్రకృతిశాస్త్రజ్ఞుడు మొదట లోకమునకు దెలిపెను. 2003లో నీమో యను చేప కథ చలనచిత్రముగా వచ్చిన పిమ్మట దానిని తెలియని బాలుడు లేడు.

ఇంతవరకు పాఠ్యపుస్తకములో నున్నదే. దీపముతో సంబంధించినది వేరొకటి గలదు. ఉష్ణదేశముల సముద్రములలోని ఆనిమోనులలో ననేకమునకు లోపలిపొర కణములయందు ఏకకణ శైవలములు కాపురముండును. ఒక్కొక్కటి మిల్లీమీటరులో నూరవవంతు మాత్రమే యుండును. వీనిని జూజాంథెల్లాలందురు. 1881లో కార్ల్ బ్రాంట్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ పేరును బెట్టెను. ఆనిమోను విడుచు బొగ్గుపులుసు వాయువును, దాని దేహమున మిగిలిన నత్రజని సంబంధమైన మలినమును ఈ శైవలములు గ్రహించి, వెలుతురు సాయమున చక్కెరలు మొదలగు ఆహారపదార్థములను తయారుచేసి, వానిలో నధికభాగమును ఆనిమోనుకే యిచ్చివేయును. చేను కౌలుకిచ్చి గింజలు పుచ్చుకొను భూస్వామివంటిది ఆనిమోను. దాని గోధుమవన్నె గూడ ఈ కౌలుదార్లదే. వెలుతురు లేనియెడల శైవలము పండింపలేదు. శైవలము పండింపనియెడల ఆనిమోనుకు గింజలు లేవు. కావున ఉప్పునీటి తొట్టిమీద దీపమును వ్రేలాడదీయునప్పుడు మనము వెలుతురు నిచ్చుచున్నది చేపకు గాదు, చూడవచ్చిన చుట్టములకును గాదు, కంటికి గనబడని ఆ కౌలుదారునకు.

అన్ని ఆనిమోనులును ఇట్టివి కావు. ఈ భేదము తెలియక పూర్వకాలపు పుస్తకములను జదివినవారు మోసపోవుదురు. స్కాట్లండులో సర్ జాన్ డాలియెల్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1828లో నార్త్ బెరిక్ తీరమున ఒక ఆనిమోనును దెచ్చి గాజుపాత్రలో పెంచెను. ఆయన 1851లో గతించిన తరువాత నది ఒకరి చేతినుండి యొకరి చేతికి పోవుచు 1887వరకు ఎడింబరో నగరమున జీవించెను. ఆ యూరివారు దానిని "అవ్వ" యని పిలిచిరి. పట్టుకొని తెచ్చిన తరువాతనే 59 ఏండ్లు బ్రతికిన ఆ జంతువునకు విశేషమైన దీపమేదియు లేదు. సముద్రజలమును మార్చుచు, అప్పుడప్పుడు కొంచెము మాంసము పెట్టుచు వచ్చిరి. ఏలయనగా అది ఆక్టీనియా జాతిది. దాని దేహములో శైవలములు లేవు. 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు చేపల గృహము తెరచినప్పుడును, ఆ మరుసటి యేడు గాస్ తన ఆక్వేరియపు గ్రంథమును ప్రకటించినప్పుడును జనులు వెఱ్ఱిగా పెంచిన ఆనిమోనులు బ్రిటిషు తీరములవి. వానిలో బెక్కింటికి కిటికీ వెలుతురే చాలెను. క్లౌన్ చేపలకు ఆశ్రయమిచ్చునవిగా శాస్త్రజ్ఞులు గుర్తించిన పది జాతులును మాత్రము శైవలములను మోయునవియే. కాబట్టి దీపము నెన్నుకొనుటకు ముందు, మనము పెంచబోవునది ఏ జాతియో తెలిసికొనవలెను. అమ్మువానికి జాతి పేరు తెలియనియెడల కొనక తిరిగివచ్చుట మేలు.

మా ఆనిమోను ఎంటక్మియా క్వాడ్రికలర్ అను జాతిది. స్పర్శకముల కొనలు చిన్న బుడగలవలె ఉబ్బియుండును గనుక దీనిని బుడగల ఆనిమోను అని పిలుతురు. ఎఱ్ఱసముద్రము మొదలుకొని పసిఫిక్ మహాసముద్రపు సమోవా దీవులవరకు నిది యున్నది. ఆశ్రయమిచ్చు జాతులలో తొట్టిజీవితమునకు నోర్చుకొనగలది యిదియే యని పెంచువారందరు చెప్పుదురు.

దానిని దెచ్చినప్పుడు తొట్టిమీద ఇంటి గోడకు బిగించు తెల్లని ఎల్.ఇ.డి. గొట్టపుదీపములు రెండుండెను. వాని వెలుతురులో తొట్టి యడుగున నుంచిన వార్తాపత్రికను సయితము చదువవచ్చును. ఇంతకంటె నేమి కావలెనని మేమనుకొంటిమి. మూడవవారమున ఆనిమోను తాను కూర్చున్న రాతిని విడిచి, గాజుగోడమీద మెల్లగా నెగబ్రాకి, నీటిమట్టమునకు నాలుగంగుళముల క్రింద నిలిచి, సన్నగా సాగి స్పర్శకములను దీపమువైపు చాచెను. పిల్లలు దీనిని వినోదముగా దలచి, సాయంకాలమునకు ఎంతవరకు నెక్కునో యని పందెములు వేసికొనిరి. మేమును నవ్వితిమి. అది ఆకలిచేత నెక్కుచున్నదని మాకు దోచలేదు. రెండవ మాసము గడచునప్పటికి దాని గోధుమవన్నె వెలిసి లేత పాలచాయ యయ్యెను.

అప్పుడు విశ్వవిద్యాలయములో జంతుశాస్త్రము చదువుచున్న మా పూర్వవిద్యార్థి యొకడు సెలవులకు వచ్చి, తొట్టిని జూచి, మరునాడు తమ ప్రయోగశాలనుండి వెలుతురు కొలుచు యంత్రము నొకదానిని ఎరువు దెచ్చెను. దాని కొనను నీటిలో ముంచి, మొదట ఆనిమోనును నిలిపిన రాతివద్ద బెట్టిచూడగా 35 అను సంఖ్య కనబడెను. "ఇచ్చట దీనికి పస్తేనండి" అని అతడు చెప్పెను. పత్రిక చదువదగిన వెలుతురు పస్తెట్లగునని మేము వాదించితిమి. అతని సమాధానమే ఈ వ్యాసమునకు ముఖ్యాంశము గనుక దానిని కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము.

మన కన్ను వెలుతురును కొలుచు సాధనము కాదు. చీకటైన కనుపాప విచ్చుకొనును, ఎండయైన ముడుచుకొనును. కావున నూరురెట్లు భేదముగల రెండు వెలుతురులును మనకు దాదాపు సమముగా దోచును. బల్లమీద పుస్తకము చదువుకొనుటకు 300 మొదలు 500 లక్సుల వెలుతురు చాలును. నడిమధ్యాహ్నపు ఎండలో నది లక్ష లక్సులవరకుండును. రెండుచోట్లను మనము చదువగలము! ఆనిమోనులోని శైవలమునకు మాత్రము ఈ సర్దుబాటు లేదు. దానికి బల్లదీపము బల్లదీపమే, ఎండ ఎండయే.

రంగు విషయముననుగూడ కన్ను మోసగించును. దీపపు పెట్టెమీద అచ్చువేయు ల్యూమెనులు మనుష్యుని కంటికి దోచు వెలుతురు కొలత. మన కన్ను పచ్చని వెలుతురును, అనగా 555 నానోమీటరుల దాపున తరంగదైర్ఘ్యముగల కిరణములను, అన్నిటికంటె మిక్కిలి తీక్ష్ణముగా గ్రహించును. నీలమును బహు స్వల్పముగా గ్రహించును. సముద్రములో ఎఱుపు కొన్ని మీటరుల లోతుననే నీటిచే హరింపబడును; లోతునకు దిగునది నీలము. ఆ నీలమునందే బ్రతుక నేర్చిన శైవలములు పత్రహరితముతోపాటు పెరిడినిన్ అను రంగుపదార్థమునుగూడ గలిగి, నీలమును నీలముతో గలిసిన పచ్చదనమును ఆశగా గ్రహించును. కావుననే ఈ తొట్టులకు జేసిన దీపములు నీలముగా నుండును. మన కంటికి మసకగా దోచు నీలపు దీపము శైవలమునకు విందు కావచ్చును.

ఇక వాట్లన్ననో, అవి దీపము ఖర్చుపెట్టు విద్యుత్తు లెక్క. కెల్విను సంఖ్య వెలుతురు వన్నె యెట్లుండునో చెప్పును గాని యెంత యుండునో చెప్పదు. మనకు వలసినది పార్ అను కొలత: 400 మొదలు 700 నానోమీటరులవరకు గల, కిరణజన్య సంయోగక్రియకు పనికివచ్చు కిరణముల ఫోటానులు ఒక చదరపు మీటరుమీద ఒక సెకండులో ఎన్ని మైక్రోమోలులు పడునో చెప్పు సంఖ్య. ఉష్ణదేశమున నిర్మలమైన మధ్యాహ్నమున నేలమీద నిది సుమారు 2000. మా తొట్టిలో 35.

పై తరగతుల విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా జేసి చూడవచ్చును. సెకండుకు 35 మైక్రోమోలుల చొప్పున 10 గంటలు, అనగా 36,000 సెకండులు, దీపము వెలిగినయెడల దినమునకు 12,60,000 మైక్రోమోలులు, అనగా 1.26 మోలులు. అదే 180 చొప్పున నైనచో 6.48 మోలులు. అయిదింతలకు మించిన ఆదాయభేదము! ఆనిమోను గోడ నెందుకు బ్రాకినదో దీనివలన దెలియును. పైకిబోయినకొలది దానికి కూలి హెచ్చుచుండెను.

ఎంత వెలుతురు వలెనను విషయమున పెంచువారి యనుభవముచే నేర్పడిన హద్దులు గలవు. అవి శాసనములు గావు. బుడగల ఆనిమోనుకు అది కూర్చున్నచోట 100 మొదలు 250 పార్ వరకు సాధారణముగా నుంచుదురు. సముద్రములో నిది వెలుతురు నిండిన నిస్సారపు నీటిలోను, నలువది మీటరుల లోతునను గూడ గనబడును గనుక దానికి ఓర్పు హెచ్చు. అలలు గొట్టు మిట్టల శిఖరములమీద నివసించు మాగ్నిఫికా జాతికిని, తివాచీవలె పరచుకొను స్టైకోడాక్టిలా జాతులకును 250కి తక్కువ గాకుండ, 400 వరకు నిచ్చుదురు. మన్నారు సింధుశాఖలోను పాక్ జలసంధి ప్రాంతమునను ఇసుకలో పాదము పాతుకొని యుండు హడ్డోని తివాచీ ఆనిమోను ఈ తెగలోనిదే. మన తూర్పుసముద్రపు సెబే క్లౌన్ చేపకు నదియే యిల్లు. ఇది యందమైనదే గాని, మిక్కిలి వెడల్పుగా పెరుగగలదు. తొట్టిలోని చేపలను బట్టి తినును. మొదటిసారి పెంచువారికి మేము దీనిని సిఫారసు చేయము.

దీపముల రకములనుగూర్చి దీర్ఘముగా వ్రాయ నక్కరలేదు. పూర్వము మెటల్ హాలైడు దీపములను వాడుచుండిరి. వాని వెలుతురు ఎండవలె అలలు తేలుచు మనోహరముగా నుండును గాని, వేడి విపరీతము. చల్లబరచు యంత్రము లేక మన దేశపు వేసవిలో వానిని వెలిగించుట నీటిని కాచుటయే. టి5 గొట్టపుదీపములు వెలుతురును సమముగా పరచును. అయితే కంటికి వెలుగుచున్నట్లే యుండి బలము తగ్గిపోవును గనుక సంవత్సరమున కొకమారైన మార్చుచుండవలెను. ఈ కాలమున నెక్కువమంది కొనునవి ఎల్.ఇ.డి.లు. వానియందు మాకు మిక్కిలి నచ్చినది వెలుతురును నూటికి ఇంతయని తగ్గించుకొను మీట. ఆ మీట లేని దీపమును ఎంత చవుకగా వచ్చినను కొనవలదు. ఎందుకో క్రింద వ్రాయుచున్నాము. అదియే మా రెండవ తప్పు.

పూర్వవిద్యార్థి చెప్పినది విని, మేము పశ్చాత్తాపముతో త్వరపడి, పగడపు తొట్టులకు జేసిన మంచి ఎల్.ఇ.డి. దీపము నొకదానిని దెప్పించితిమి. అది వచ్చిన సాయంకాలమే బిగించి, పస్తున్నదానికి కడుపునిండ పెట్టవలెనని పూర్తిబలముతో వెలిగించితిమి. యంత్రమును బెట్టి చూడగా ఆనిమోనువద్ద 400. మరునాటి యుదయమున నది పిడికిలియంత ముడుచుకొనియుండెను. మూడవదినమున గోడ దిగి రాళ్ల వెనుక చీకటిలో దూరెను. పది దినములలో తెల్లకాగితమువలె నయ్యెను. దినచర్య వ్రాయుచున్న బాలిక ఆ పదవదినపు పుటలో "తెలుపు" అని యొక్క మాట మాత్రము వ్రాసి ఊరకుండెను. ఆ పుస్తకము ఇప్పటికిని మాయొద్ద నున్నది.

జరిగినదేమనగా, పలుచని వెలుతురునకు అలవాటుపడిన శైవలము ఒక్కసారిగా వచ్చిపడిన వెలుతురును వినియోగించుకొనలేదు. వినియోగము గాని ఆ శక్తివలన కణములలో హానికరమైన ప్రాణవాయు రూపములు పుట్టును. ఆ బాధకు తాళలేక ఆనిమోను తన శైవలములను వెలిగ్రక్కును. నీరు మితిమీరి వెచ్చనైనను ఇట్లే జరుగును. వేడియు ఎండయు కలిసినయెడల మరింత శీఘ్రముగా జరుగును. 1998, 2010, 2016 సంవత్సరములలో మన్నారు సింధుశాఖలోని పగడములు వెలవెలబోవుటకు కారణమిదియే. సముద్రమునంతను వేడిమి చేసినదానిని మా గదిలో మేమొక మీటతో జేసితిమి.

తెల్లబడిన ఆనిమోను చచ్చినది కాదు, పంట పోయినది. మిగిలిన కొద్ది శైవలములు మరల వృద్ధియగువరకు దానిని చేతితో పోషింపవలెను. అట్టి సమయమున తెలుపును జూచి వెలుతురు చాలలేదని భ్రమపడి దీపమును హెచ్చించువారు గలరు. మేమును ఆ పని చేయబోయి, పూర్వవిద్యార్థి టెలిఫోనులో గట్టిగా వారించుటచే మానితిమి. దీపమును నూటికి 20 వంతులకు దించితిమి; అనగా సుమారు 80 పార్. రెండు వారములకొకమారు 5 వంతుల చొప్పున పెంచుచు పది వారములలో 45 వంతులకు, అనగా 180 పార్ వద్దకు వచ్చితిమి. (ఆరోగ్యముగా నున్న క్రొత్త ఆనిమోనుకైనచో వారమునకు 5 వంతుల చొప్పున పెంచవచ్చును.) మూడు దినముల కొకసారి శనగగింజంత పచ్చిరొయ్య ముక్కను చిమ్టాతో స్పర్శకములకు దాకించుచుంటిమి. మొదటి వారము దానిని పట్టుకొనుటకైనను శక్తి లేక జారవిడిచెను. రెండవ వారమున ఒక ముక్కను మ్రింగెను. నాలుగు మాసములకు నోటిచుట్టును లేత గోధుమవన్నె కనబడెను. ఆనాడు పిల్లలు తరగతి విడిచి గదిలోనికి పరుగెత్తివచ్చిరి. మేమును వారిని మందలింపలేదు.

దీపమును ఎంత యెత్తున గట్టవలెననునది తరువాతి ప్రశ్న. ఆరుబయట ఒంటిదీపమునకు దూరము రెండింతలైన వెలుతురు నాలుగవవంతగునని భౌతికశాస్త్రమున జదువుదుము. తొట్టిలో నంత తగ్గదు: దీపపు కటకములు కిరణములను గుంపుగూర్చును, గాజుగోడలు వానిని లోనికే త్రిప్పిపంపును. కాబట్టి లెక్కకంటె కొలతయే నమ్మదగినది. ఒకే తొట్టిలో దీపము నడుమ క్రిందికిని, మూలకును సగమునకు సగము భేదముండును. మేము తొట్టి యడుగును పన్నెండు గళ్లుగా విభజించి, గంటసేపు కొలిచి, గోడమీద పటమును అంటించితిమి. అట్టి యంత్రము వెలగలది, ఇంటివారు కొననక్కరలేదు. సమీపమున వృక్షశాస్త్రపు ప్రయోగశాల గల కళాశాలయందో, తొట్టులు పెంచు మిత్రులయందో ఒక్కదినమునకు ఎరువు దొరకును. చేతిఫోనులోని లక్సుమీటరు నీలపు దీపమువద్ద తక్కువ చూపును గనుక, దానిని నమ్మి దీపమును పెంచినవారు మావలెనే యగుదురు. తొట్టిమీది గాజుమూతపై ఉప్పు తెల్లగా పేరుకొనుచుండును. అదియును వెలుతురును దినును. వారమునకొకసారి మంచినీటితో తుడువవలెను. అయితే నెలల తరబడి తుడువక హఠాత్తుగా తుడిచినయెడల దీపమును హెచ్చించినట్లేయని మరువరాదు.

దీపము దినమునకు 10 గంటలు వెలిగిన చాలును. భూమధ్యరేఖ దాపున పగలు పండ్రెండు గంటలే గదా. వెలుతురు తక్కువయైనది గదాయని రాత్రియెల్ల వెలిగించుట సరిగాదు; చేపలకును ఆనిమోనుకును చీకటి వలెను. చీకటిలో ఆనిమోను కొంచెము ముడుచుకొనును. దానిని జూచి భయపడవలదు. ఎండ ఉచితముగా నుండగా దీపమెందుకని, తొట్టిని కిటికీలో నుంచవచ్చునాయని కొందరు తల్లిదండ్రులడిగిరి. ఎండ మంచిదే, కాని తొట్టి సముద్రము కాదు. నీరు 24 మొదలు 27 డిగ్రీలవరకు నుండవలసియుండగా, మన వేసవిలో ఎండకు పెట్టిన తొట్టి పూటలో 32 దాటును; గాజుకు పచ్చనాచు పట్టును.

కొనునప్పుడు మోసపోకుండుటకు ఒక మాట. మంచులా తెల్లగా నుండి, కొనలు మాత్రము ఊదారంగు గలిగిన ఆనిమోనును అపూర్వమైనదని చెప్పి హెచ్చు వెలకు అమ్ముదురు. అది అపూర్వము గాదు. మా ఆనిమోను పదవదినమున నున్న స్థితియే. పసుపుపచ్చగా మెరయువానిలో కొన్ని రంగునీటిలో ముంచి తీసినవియు నుండును. నీలపు దీపము క్రింద సహజముగ మెరయుట వేరు సంగతి: బుడగల ఆనిమోను దేహములో వెలుతురును గ్రహించి ఎఱుపును విడుచు మాంసకృత్తులు గలవు, వానినుండి రూపొందించిన ఎఱ్ఱని గురుతులను జీవకణములను పరీక్షించు శాస్త్రజ్ఞులు నేడు ప్రయోగశాలలలో వాడుచున్నారు. తెలుపులేక గోధుమవన్నె గలిగి, నోరు బిగువుగా మూసికొని, పాదము గట్టిగా పట్టుకొనియున్న దానిని ఎన్నుకొనవలెను. తొట్టిని స్థాపించి ఆరు మాసములైన గాక దానిని దేరాదు.

చివరకు చెప్పవలసినది దీపమునకు నేరుగా సంబంధించినది కాకపోయినను, దీపము చాలనప్పుడే వచ్చు నపాయము. వెలుతురుకై తిరుగు ఆనిమోను నీటిని ద్రిప్పు పంపులో జిక్కుకొనును. ఒక్క రాత్రిలో అది ముక్కలై తొట్టి నీరంతయు చెడి, చేపలుగూడ చచ్చును. మేము పంపునోటికి స్పాంజిని తొడిగి దారముతో గట్టితిమి. విద్యుత్తు పోయినప్పుడు ఏది ముందుగా నడువవలెనని పిల్లలడుగుదురు. దీపము ఒకటిరెండు దినములు లేకపోయినను ఆనిమోను ఓర్చుకొనును. నీరు కదలక నిలిచిపోయినచో కొన్ని గంటలకే ప్రాణవాయువు చాలక అన్నియు కష్టపడును. కావున పాఠశాల ఇన్వర్టరునకు పంపును మాత్రమే కలిపితిమి. గత వర్షకాలపు తుపాను దినములలో గది రెండు రాత్రులును ఒక పగలును చీకటిగా నుండెను. మూడవ యుదయమున కావలివాడు తాళము తీసి చూచి వచ్చి, "పంపు ఆడుతున్నదండి, పువ్వు విచ్చుకొనే ఉన్నది" అని చెప్పెను. ఇప్పుడది రాతిమీదనే, మా పటములో ఏడవ గడియందు, 180 పార్ వద్ద కూర్చున్నది. పదునాలుగు మాసములుగా గోడ నెక్కలేదు.